మోటారు కారులో ఆల్టర్నేటర్: లోప నిర్ధారణ, మార్పిడి

తెలుగు బోధించువాడు మోటారు యంత్రమును గురించి వ్రాయుట ఏమిటని కొందరు విద్యార్థులు నవ్వుకొనవచ్చును. పద్యమునకు గణములు విభజించుట నా వృత్తి గాని, వోల్టులు కొలుచుట కాదు. అయినను గత సంవత్సరము వర్షాకాలములో జరిగిన ఒక సంఘటన వలన ఈ విద్యను కొంత నేర్చుకొనక తప్పలేదు. నేర్చుకొన్న పిమ్మట, ఇది ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రము చదివిన ఏ విద్యార్థికైనను అందుబాటులోనిదే అని తోచినది. అందుచేతనే ఈ వ్యాసము.

అమ్మకు తిరుపతిలో కంటి శస్త్రచికిత్స చేయించి, మరునాటి సాయంకాలము మా పాత కారులో నగరికి బయలుదేరినాము. చినుకులు మొదలైనవి. దీపములు వేసినాను, వైపర్లు వేసినాను, అద్దము మసక బారకుండుటకు ఫ్యాను కూడ వేసినాను. రేణిగుంట దాటిన తరువాత హెడ్‌లైట్లు పసుపు పచ్చగా మారినవి. పుత్తూరు దాటిన కొంతసేపటికి వైపర్లు నిద్రమత్తులో ఉన్నట్లు కదలినవి. అటు పిమ్మట ఇంజను ఒక్కమారు కుదుపునిచ్చి ఆగిపోయినది. వెనుక దీపము సైతము వెలుగలేదు. చెన్నై లారీలు ఎడతెగక తిరుగు రోడ్డు మీద, చీకటిలో, నల్లని రాయి వలె మా కారు నిలిచిపోయినది. కంటికి కట్టుతో అమ్మ వెనుక సీటులో కూర్చుండి ఉన్నది. ఒక లారీ మమ్ములను గజము దూరములో తప్పించుకొని పోయినప్పుడు కలిగిన భయమును నేను ఇప్పటికిని మరువలేదు. సమీపమున టీ అంగడిలో ఉన్న ఇద్దరు పరుగున వచ్చి కారును రోడ్డు దింపినారు. సెల్‌ఫోను టార్చి వెనుకకు చూపించుచు, వచ్చెడి వాహనములను హెచ్చరించుచు నిలబడినాము.

ఇందులో విచారింపదగిన సంగతి ఏమనగా, ఆ కారులోని బ్యాటరీ క్రొత్తది. ఎనిమిది నెలలలో అది రెండవ క్రొత్త బ్యాటరీ! కారు స్టార్టు కాలేదని చూపించిన ప్రతిసారి, "బ్యాటరీ పోయింది సార్" అని చెప్పి ఒక మెకానిక్ మార్చి పంపినాడు. నేనును డబ్బు లెక్క పెట్టి ఇచ్చినాను గాని, క్రొత్త బ్యాటరీ నాలుగు నెలలకే ఎందుకు చచ్చిపోవలెనని అడుగలేదు. మీటరు పలకలో బ్యాటరీ గుర్తు గల ఎర్రని దీపము అప్పుడప్పుడు మినుకు మినుకుమనుచునే ఉండినది. పాత కారు గదా, ఏదో తీగ కదలుచున్నది కాబోలునని ఊరకున్నాను. కనుక తప్పు అంతయు మెకానిక్‌ది అని చెప్పజాలను.

మరునాడు నా తరగతిలోని ఒక విద్యార్థి, మరమగ్గముల మోటార్లకు వైండింగు చేయు మేస్త్రీ కుమారుడు, తండ్రిని వెంటబెట్టుకొని వచ్చినాడు. ఆ మేస్త్రీ కథ అంతయు విని, "ఎన్ని దినాలుగా ఇట్ల ఉంది సార్? బ్యాటరీ మారిస్తే ఏమొస్తుంది? కుండ మార్చినారు, కొళాయి చూడలేదు. ముందు డైనమో చూడాల" అన్నాడు. నేను పాఠము చెప్పు పిల్లవాడు ఆనాడు నాకు మీటరు పట్టుకొనుట నేర్పినాడు.

బ్యాటరీ విద్యుత్తును పుట్టించునది కాదు, నిలువ చేయునది. ఇంజను స్టార్టు చేయుటకు అది కొన్ని క్షణములు మాత్రము గట్టిగా పని చేయును. ఇంజను తిరుగుట మొదలైన పిమ్మట దీపములకు, ఇంధన పంపునకు, హారనునకు, బ్యాటరీని తిరిగి నింపుటకు కావలసిన విద్యుత్తు అంతయు ఆల్టర్నేటర్ నుండియే రావలెను. ఇంజను ముందు భాగమున బెల్టుతో తిరుగుచు, చిన్న కొబ్బరికాయ పరిమాణములో అల్యూమినియం గూడుతో కనిపించునదే అది.

1831వ సంవత్సరమున మైకేల్ ఫారడే ఇంగ్లండులో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణయే దీనికి మూలము. ఫారడే ఒక కమ్మరి కుమారుడు. పుస్తకములకు బైండింగు చేయు అంగడిలో పని నేర్చుకొనుచు, బైండు చేయవచ్చిన పుస్తకములనే చదివి శాస్త్రజ్ఞుడైనాడు. తీగచుట్ట దగ్గర అయస్కాంత క్షేత్రము మారుచున్నచో ఆ తీగలో విద్యుత్తు ప్రేరితమగునని అతడు చూపించినాడు. ఆల్టర్నేటర్‌లో నడుమ తిరుగు భాగమును రోటర్ అందురు. అందులోని తీగచుట్టకు కొద్దిపాటి విద్యుత్తునిచ్చి దానిని అయస్కాంతముగా చేయుదురు. తిరుగుచున్న చుట్టకు విద్యుత్తు నందించుటకు రెండు రాగి వలయములు, వాటిపై ఆని ఉండు రెండు కార్బన్ బ్రష్‌లు ఉండును. చుట్టును కదలక ఉండు భాగము స్టేటర్. అందులోని మూడు తీగచుట్టలలో మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తు పుట్టును.

మన నగరి విద్యార్థులకు ఇది అర్థమగుట కష్టము కాదు. ఏ వీధిలో నడచినను మరమగ్గముల చప్పుడు వినిపించు ఊరు మనది. మగ్గము మోటారునకు మూడు ఫేజుల విద్యుత్తు నిచ్చిన యెడల అది తిరుగును. ఆల్టర్నేటర్‌ను తిప్పిన యెడల అది మూడు ఫేజుల విద్యుత్తు నిచ్చును. రెండింటి పోలిక అంత దగ్గరిది. వైండింగు మేస్త్రీ మా కారు చూచి తడుముకొనకపోవుటకు కారణము ఇదియే.

కాని బ్యాటరీకి కావలసినది ఏకముఖ విద్యుత్తు. అందుచేత ఆరు సిలికాన్ డయోడ్‌లు ఏకాంతర విద్యుత్తును ఏకముఖముగా మార్చును. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి వారి భౌతికశాస్త్ర పరిభాషలో ఈ పని చేయు సాధనమునకు 'ఏకధిక్కరణి' అని పేరు. చక్కని మాటయే. కాని రిపేరు షాపులో ఆ మాట పలికిన యెడల మందు పేరనుకొందురు. అక్కడ దానిని 'డయోడ్ ప్లేటు' అందురు. ఆల్టర్నేటర్‌ను సైతము మన మెకానిక్కులు నేటికిని 'డైనమో' అనియే పిలుచుచున్నారు. వెనుకటి అంబాసిడర్ కార్లలో ఉన్నది నిజముగా డైనమోయే. ఇంజను మెల్లగా తిరుగునప్పుడు డైనమో చాలినంత విద్యుత్తు నీయజాలదు. సిలికాన్ డయోడ్‌లు చవుకగా లభించిన తరువాత, 1960లో అమెరికాలోని క్రైస్లర్ సంస్థ తన వేలియంట్ కారులో ఆల్టర్నేటర్‌ను అమర్చినది. క్రమముగా డైనమో అంతరించినది. పేరు మాత్రము మిగిలినది. భాషలో ఇట్టివి అనేకము. 'మేస్త్రీ' అను మాటయే పోర్చుగీసు నుండి వచ్చి మనదైపోయినది.

చివరి భాగము రెగ్యులేటర్. ఇంజను వేగమును బట్టి వోల్టేజి పెరిగి తరిగి పోకుండ, రోటరుకు పోవు విద్యుత్తును క్షణక్షణము హెచ్చు తగ్గులు చేయునది ఇది. చాల కార్లలో బ్రష్‌లతో పాటు ఆల్టర్నేటర్ లోపలనే అమర్చబడి ఉండును.

ఒక చిన్న విషయము ఇచ్చట చెప్పదగియున్నది. చెన్నై నుండి తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా రేణిగుంటకు పోవు రోడ్డు పాడి వద్ద మొదలగును. 1961లో స్థాపింపబడిన లూకాస్ టీవీఎస్ వారి కర్మాగారము ఆ పాడిలోనే ఉన్నది. ఆల్టర్నేటర్లు, స్టార్టర్ మోటార్లు చేయుటలో ఆ సంస్థ పేరుగాంచినది. ఇవతలి కొసన తిరుపతి సమీపములోని కరకంబాడిలో, 1985లో చిత్తూరు జిల్లా పేటమిట్ట గ్రామస్థుడైన గల్లా రామచంద్ర నాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీలను తయారు చేయుచున్నది. కారు విద్యుత్తునకు సంబంధించిన రెండు ముఖ్య వస్తువులు మన రోడ్డుకు రెండు కొసల పుట్టుచున్నవి. మన ఊరు నడుమ ఉన్నది. నా కారులోనివి ఏ సంస్థ వస్తువులన్నది అప్రస్తుతము. లోపము అరుగుదల వలన వచ్చినదే గాని తయారీ వలన కాదు.

ఇక పరీక్ష. దీనికి కావలసినది ఒక మల్టీమీటరు. కొన్ని వందల రూపాయలకు దొరకు సాధారణమైనది చాలును. దానిని ఏకముఖ వోల్టేజి కొలుచు 20 వోల్టుల గుర్తు దగ్గర నిలుపవలెను.

మొదట కారును కొన్ని గంటలు ఆపి ఉంచి, ఇంజను తిరుగనప్పుడు బ్యాటరీ ధ్రువముల మధ్య కొలువవలెను. సీసపు బ్యాటరీలో ఆరు గదులు. ఒక్కొక్క గదికి 2.1 వోల్టుల చొప్పున నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. 12.2 అయినచో దాదాపు సగము ఖాళీ. 12 కంటె తక్కువైనచో దానిని బయట చార్జింగు పెట్టించి, ఆ తరువాతనే తక్కిన పరీక్షలు చేయవలెను. ఖాళీ బ్యాటరీ ఉన్న కారులో ఆల్టర్నేటర్‌పై తీర్పు చెప్పుట తొందరపాటు.

పిమ్మట ఇంజను స్టార్టు చేసి అదే చోట కొలువవలెను. 13.8 నుండి 14.5 వరకు ఉన్నచో ఆల్టర్నేటర్ పని చేయుచున్నది. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి, యాక్సిలరేటరు కొద్దిగా నొక్కి మరల చూడవలెను. 13 కంటె దిగజారరాదు. ఇంజను తిరుగుచున్నను 12.4, 12.2, 12.1 అని క్రమముగా దిగుచున్నచో బ్యాటరీ ఖర్చగుచున్నదే గాని నిండుట లేదు. మా కారులో ఆనాడు కనిపించినది ఇదియే. దానికి విపరీతముగా 15 వోల్టులు దాటినచో రెగ్యులేటర్ చెడినదని అర్థము. ఇది మరింత ప్రమాదము. బ్యాటరీలోని నీరు ఉడికిపోవును, బల్బులు మాడిపోవును.

ఆ రాత్రి ఏమి జరిగినదో ఇప్పుడు లెక్క కట్టి చూడవచ్చును. హెడ్‌లైట్లు రెండును కలిసి సుమారు 110 వాట్లు, అనగా దాదాపు 9 ఆంపియర్లు. ఇంజనుకు, ఇంధన పంపునకు ఆరేడు. వైపర్లకు, ఫ్యానుకు, వెనుక దీపములకు మరొక ఎనిమిది తొమ్మిది. మొత్తము ఇరువది ఆంపియర్లకు పైమాటయే. మా బ్యాటరీ 35 ఆంపియర్-అవర్ల సామర్థ్యము కలది. సగము మాత్రమే నిండి ఉన్నదనుకొన్నచో గంటసేపైనను రాదు. తిరుపతి నుండి పుత్తూరు దాటువరకు పట్టిన కాలముతో ఈ లెక్క సరిపోయినది. పగటివేళ దీపములు లేకుండ బయలుదేరి ఉన్నచో బహుశః ఇల్లు చేరి ఉండెడివారము. దారిలో ఎర్రదీపము వెలిగినప్పుడు ఈ లెక్క గుర్తున్నచో, ఫ్యాను, రేడియో కట్టివేసి, ఇంజను ఆపకుండ సమీపపు ఊరు చేరుకొనుటకు వీలగును. అయితే ఆ దీపముతో పాటు ఇంజను వేడి చూపు ముల్లు పైకి లేచినచో తక్షణమే ఆపవలెను. కొన్ని కార్లలో నీటి పంపును త్రిప్పునది కూడ ఆ బెల్టే, బెల్టు తెగినదన్నమాట.

వోల్టేజి తక్కువ ఉన్నదని తేలగానే ఆల్టర్నేటర్‌ను విప్పరాదు. ముందు బెల్టు చూడవలెను. నెర్రెలు బారినదా, నూనె అంటినదా, వదులుగా ఉన్నదా? ఇంజను ఆపి, రెండు పుల్లీల నడుమ బొటనవ్రేలితో నొక్కినచో ఒక సెంటీమీటరు మేర మాత్రమే లోనికి పోవలెను. ఉదయము స్టార్టు చేయగానే కీచుమని అరచు బెల్టు జారుచున్నదని తెలియవలెను. తరువాత బ్యాటరీ ధ్రువములు. తెల్లని లేక పచ్చని పొడి పేరుకొన్నచో వేడినీటిలో వంటసోడా కలిపి కడిగి, తుడిచి బిగింపవలెను. ఎంతమంది కేవలము ఈ పొడి కారణముగా క్రొత్త బ్యాటరీలు కొన్నారో!

ఎర్రదీపము మరొక సాక్షి. తాళము త్రిప్పి, ఇంజను స్టార్టు చేయక ముందు ఆ దీపము వెలుగవలెను. ఇంజను తిరుగగానే ఆరవలెను. ముందే వెలుగనిచో బల్బు పోయి ఉండవచ్చును. పాత కార్లలో రోటరుకు తొలి విద్యుత్తు ఆ బల్బు గుండానే పోవును గనుక, చిన్న బల్బు మాడినందుకు ఆల్టర్నేటర్ పని చేయక కూర్చుండుట కలదు. ఇట్టి కార్లలో తాళము త్రిప్పి, ఇంజను ఆపి ఉంచి, ఆల్టర్నేటర్ వెనుక భాగము దగ్గరకు ఒక పానా తీసుకొనిపోయినచో అది అయస్కాంతము వలె లాగవలెను. లాగనిచో రోటరుకు విద్యుత్తు అందుట లేదు. బ్రష్‌లు అరిగి ఉండవచ్చును.

తీగ దోషమును పట్టుటకు, ఇంజను తిరుగుచు దీపములు వెలుగుచున్నప్పుడు, ఆల్టర్నేటర్ వెనుక గల లావు తీగ బోల్టునకు బ్యాటరీ ధన ధ్రువమునకు మధ్య కొలువవలెను. అర వోల్టు తేడా ఉన్నచో దోషము తీగలోనో బిగింపులోనో ఉన్నది. చివరగా మీటరును ఏకాంతర వోల్టేజికి మార్చి బ్యాటరీపై కొలువవలెను. అర వోల్టుకు మించి చూపినచో డయోడ్ ఒకటి పోయినదని అనుమానింపవలెను. రాత్రి ఆపి ఉంచిన కారులో తెల్లవారుసరికి బ్యాటరీ దిగిపోవుటకు కూడ చెడిన డయోడ్ ఒక కారణము.

ఒక హెచ్చరిక. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగను ఊడబెరికి, ఇంజను ఆగినచో ఆల్టర్నేటర్ చెడినదని తేల్చు పద్ధతి ఒకటి కొందరు పాత మెకానిక్కులలో ఉన్నది. డైనమో కాలములో అది చెల్లినది. నేటి కారులో ఆ క్షణమున వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్‌లను, ఇంజను కంప్యూటరును కాల్చివేయగలదు. ఎవరైనను అట్లు చేయబోయినచో చేయి పట్టుకొని ఆపుడు.

మా కారులో బెల్టు బాగున్నది, తీగలు బాగున్నవి, పానా మాత్రము అంటుకొనలేదు. పైగా బేరింగు గరగరలాడుచున్నది. బ్రష్‌లు మాత్రమే అరిగినచో అవి మాత్రమే మార్చుకొనవచ్చును, ఖర్చు స్వల్పము. కాని బేరింగు చెడి, రాగి వలయములు గాడి పడినప్పుడు మొత్తము మార్చుటయే మేలని మేస్త్రీ చెప్పినాడు. ఆ ఆదివారము మా ఇంటి ముందర వేపచెట్టు క్రింద మేము ముగ్గురము పని మొదలుపెట్టినాము.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే చేయి పెట్టవలెను. ఉంగరములు, గడియారము తీసివేయవలెను. బీడీ, సిగరెట్టు దగ్గరకు రారాదు. చార్జి అగుచున్న బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడును. అన్నింటికంటె ముందు బ్యాటరీ ఋణ ధ్రువపు తీగను విప్పి ప్రక్కకు కట్టవలెను. ఎందుకనగా, ఆల్టర్నేటర్ వెనుక లావు తీగ బ్యాటరీ ధన ధ్రువముతో నేరుగా కలిసి ఉన్నది. తాళము తీసివేసినను అందులో విద్యుత్తు ఉండును. ఆ బోల్టు విప్పునప్పుడు పానా రెండవ కొస ఇంజనుకు తగిలినచో నిప్పులు చెరుగును, చేయి కాలును.

విప్పక ముందు బెల్టు ఏయే పుల్లీల మీదుగా పోవుచున్నదో, ఏ తీగ ఎక్కడ ఉన్నదో ఫోనుతో ఫోటో తీసుకొనుడు. పిమ్మట క్రింది ఇరుసు బోల్టును, పైనున్న సర్దుబాటు బోల్టును వదులు చేసి, ఆల్టర్నేటర్‌ను ఇంజను వైపునకు నెట్టినచో బెల్టు వదులై చేతికి వచ్చును. స్వయముగా బిగువు నిలుపుకొను పుల్లీ ఉన్న కార్లలో ఆ పుల్లీని పానాతో త్రిప్పి పట్టుకొని బెల్టు తీయవలెను. తరువాత రబ్బరు టోపీ తీసి లావు తీగ నట్టు, నాలుక నొక్కి చిన్న ప్లగ్గు తీయవలెను. ప్లగ్గును తీగలు పట్టుకొని లాగరాదు. అటు పిమ్మట బోల్టులు పూర్తిగా విప్పి, రెండు చేతులతో పట్టుకొని పైకి తీయవలెను. అది చూపునకు చిన్నదైనను బరువైనది. మాకు ఇరుసు బోల్టు ఒక్కటే గంటన్నర తినివేసినది. తుప్పు పట్టిన దానిని కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో మెల్లగా తట్టి, మరల నానబెట్టి, చిట్టచివరకు మేస్త్రీ తన పానాకు ఒక పైపు ముక్క తొడిగి త్రిప్పినాడు.

క్రొత్తది కొనునప్పుడు పాతదానిని చేతపట్టుకొని పోవుట ఉత్తమము. బోల్టు రంధ్రములు, పుల్లీ గాళ్ళ సంఖ్య, ప్లగ్గు ఆకారము, ఆంపియర్ల గుర్తు ఈ నాలుగును సరిచూచిన పిమ్మటనే డబ్బు చెల్లింపవలెను. బాగుచేసిన పాతది కొన్నచో వారంటీ వ్రాయించుకొనుడు. అమర్చుట విప్పినదానికి తలక్రిందులైన క్రమమే. బోల్టులు వ్రేళ్ళతో పట్టించిన పిమ్మట బెల్టు ఎక్కించి, ఆల్టర్నేటర్‌ను వెలుపలికి లాగి పట్టి బిగువు చూచి, అప్పుడు గట్టిగా బిగింపవలెను. బిగువు మితిమీరినచో క్రొత్త బేరింగు త్వరలో పోవును. ఋణ ధ్రువపు తీగ అందరికంటె చివర. ఖాళీ బ్యాటరీని నింపు భారము క్రొత్త ఆల్టర్నేటర్‌పై వేయరాదు. బ్యాటరీని బయట చార్జి చేయించి పెట్టవలెను. స్టార్టు చేయునప్పుడు లుంగీ కొసలు, తువ్వాలు, దుపట్టా బెల్టుకు దూరముగా ఉండవలెను.

ఈ పద్ధతి అన్ని కార్లకును వర్తింపదు. ఇటీవలి కార్లలో కంప్యూటరు ఆల్టర్నేటర్‌ను శాసించుచు, ఇంధనము ఆదా చేయుటకై వోల్టేజిని ఒకప్పుడు 13 కంటె తగ్గించును; హెడ్‌లైట్లు వేసి చూడనిదే దానిని లోపమనరాదు. 2015 నుండి మారుతి సియాజ్ వంటి కార్లలో వచ్చిన హైబ్రిడ్ పద్ధతిలో ఆల్టర్నేటర్, స్టార్టర్ రెండును ఒకే యంత్రము. దానిని ఇంటిలో ముట్టుకొనరాదు. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటర్ అసలే లేదు.

స్టార్టు చేయగానే ఎర్రదీపము ఆరినది. మీటరు 14.2 చూపినది. దీపములు, ఫ్యాను వేసినను 13.9. పిల్లవాడు "చూడండి సార్" అని మీటరు నా ముఖము ముందు పెట్టినాడు. అమ్మ వాకిటిలో కుర్చీ వేసుకొని కూర్చుండి, "ఇదేదో ముందే చేసింటే రెండు బ్యాటరీల డబ్బు మిగిలుండును గదరా" అన్నది. క్రొత్త బెల్టు కొంత సాగును గనుక రెండు వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట దానిని మరల బిగించినాము.

పాత ఆల్టర్నేటర్‌ను మేస్త్రీ తన అంగడిలో విప్పి చూపినాడు. ఒక బ్రష్ గోరంత మిగిలి ఉన్నది. రాగి వలయముపై లోతైన గాడి. స్టేటర్ చుట్టలు మాత్రము చెక్కుచెదరలేదు. ఆ భాగములన్నియు ప్రస్తుతము గోనెసంచిలో మా అధ్యాపకుల గదిలో బీరువా ప్రక్కన ఉన్నవి. వాటిని ఒక చెక్కపలకపై భాగము భాగముగా బిగించి, పేర్లు తెలుగులోను ఉర్దూలోను వ్రాసి, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచవలెనని నా కోరిక. వైండింగు మేస్త్రీ ఒక మధ్యాహ్నము వచ్చి విద్యార్థులకు చూపుటకు అంగీకరించినాడు. పలకకును, రెండు మల్టీమీటర్లకును అగు ఖర్చును కళాశాల కమిటీ వారు మంజూరు చేయవలెనని ఈ పుట ద్వారా మనవి చేయుచున్నాను.